బీడీ తాగుతారా అని అడిగి రాసుకుంటున్నారు, ఆ తర్వాతేంటి?

సంపాదకుడు గారికి,

మా మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర ఏళ్ల తరబడి మూటలు మోస్తున్న హమాలీల్లో రోజుకు కట్ట బీడీలు తాగేవాళ్లు ఎంతోమంది. దగ్గొస్తే ఊక దుమ్ము అనుకుంటారు, ముదిరితే మందుల షాపులో ఓ టానిక్కు, నెత్తురు పడితే టీబీ అనుమానం, ఇదంతా దాటి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరేసరికి చాలామందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ చేసే దశ మించిపోయి ఉంటుంది.

30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వం చేసే ఆరోగ్య పరీక్షల కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో పొగ తాగుతారా అనే ప్రశ్న ఉంది. కానీ ఆ కార్యక్రమంలో క్యాన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికే. ఊపిరితిత్తులకు లేదు. మరి ఆ జవాబు రాసుకుని ఏం లాభం?

అమెరికాలో బాగా పొగతాగే 53 వేల మందికి పైగా జనం మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్స్‌రే తీసినవాళ్లకంటే తక్కువ రేడియేషన్‌తో సీటీ స్కాన్ తీసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. ఎక్స్‌రేలో దొరకని చిన్న గడ్డ కూడా సీటీలో కనపడుతుంది. అక్కడిప్పుడు 50 నుంచి 80 ఏళ్ల వయసుండి, రోజుకో సిగరెట్ ప్యాకెట్ చొప్పున 20 ఏళ్లు తాగినంత లెక్క తేలినవాళ్లకు, మానేసి 15 ఏళ్లు దాటనివాళ్లకు కూడా, ఏడాదికోసారి ఈ స్కాన్ చేయించుకోమంటున్నారు.

ఇబ్బందులు లేవని అనను. ఆ అధ్యయనంలోనే అనుమానం వచ్చిన ప్రతి వందలో 96 చివరికి క్యాన్సర్ కాదని తేలాయి. మన దగ్గర పాత టీబీ మచ్చలున్నవాళ్లు ఎక్కువ, వాళ్లకు ఊరికే టెన్షన్, అనవసరంగా సూది పరీక్షలు. అందుకే క్యాంపు పెట్టి కనపడినవాళ్లందరికీ తీసేయడం తప్పు. దగ్గులో నెత్తురు పడుతున్నవాళ్లు మాత్రం స్క్రీనింగ్ (లక్షణాలు లేనప్పుడే చేసే పరీక్ష) కోసం ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజు ఈ సీటీ స్కాన్‌కు కేటాయించాలని వైద్యారోగ్య శాఖను అడుగుతున్నా. ఆశా ఫారంలోంచే 50 దాటిన, ఎక్కువగా తాగే వాళ్లను ఏరి పంపాలి, స్కాన్ చూసి చెప్పే ఛాతీ డాక్టరు అదే రోజు ఉండాలి. దేవరకొండ తండాల నుంచో అచ్చంపేట నుంచో వచ్చే మనిషి కూలి పోగొట్టుకుని రెండుసార్లు తిరగలేడు. బీడీ మాన్పించే కౌన్సెలింగ్ కూడా అక్కడే జరగాలి. అప్పటిదాకా మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 నంబరుకు ఫోను ఉచితం.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా