సర్ఫ్‌బోర్డు: ఆదివారం ఫైబర్ గ్లాసు పని

అందరికీ నమస్తే!

మన థర్మాకోల్ సర్ఫ్‌బోర్డుకు చిత్రిక పట్టడం అయిపోయింది. నిన్న రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఒక్క ట్యూబ్‌లైటు పక్కనుంచి పట్టి చూశాను. తోక దగ్గర ఎడమ అంచున బొటనవేలంత నీడ పడుతోంది. అక్కడ ఇంకా కొంచెం ఎత్తు మిగిలిందన్నమాట. శనివారం సాయంత్రం ఇద్దరు వస్తే 120 నంబర్ సాండ్‌పేపర్‌తో సాఫ్ చేసేద్దాం.

ఆదివారం సాయంత్రం 5 గంటలకు మా షెడ్డులో బోర్డు మీద గ్లాసు గుడ్డ పరిచి ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెజిన్) పూస్తాం. పొద్దున ఎందుకు వద్దంటే, మన నల్లగొండ ఎండ ఎక్కేకొద్దీ థర్మాకోల్ లోపలి గాలి ఉబ్బి పూత కింద బుడగలు లేస్తాయి. సాయంత్రం చల్లబడేటప్పుడు ఆ బాధ తక్కువ.

చవక అని పాలియెస్టర్ రెజిన్ మాత్రం తేకండి, థర్మాకోల్‌ను కరిగించేస్తుంది.

గ్లౌజులు రెండేసి జతలు, పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. వంటింటి డిజిటల్ కాటా ఎవరి దగ్గరుంది? హార్డెనర్ కొలత తప్పితే బోర్డు జిగటగానే ఉండిపోతుంది. పోయినసారి నేను ఒకేసారి అర లీటరు కలిపితే డబ్బాలోనే వేడెక్కి పొగ వచ్చింది. ఈసారి కొద్దికొద్దిగానే కలుపుదాం.

రుషికొండ అలల మీద మన చేతి బోర్డు తేలడం చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. క్లాక్ టవర్ దగ్గర బండి ఎక్కించుకోవాలంటే అదీ రాయండి. పిల్లల్ని షెడ్డులోకి తేవద్దు, ప్లీజ్.