మా ఊరి ఒకటిన్నర శాతం ఏమవుతోంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా ఊళ్లోనే అమ్మాయి పేరున చిన్న ఇంటి స్థలం కొన్నాం. ప్రభుత్వ విలువ 20 లక్షలు. స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, అన్నీ కలిపి లక్షా 50 వేలకు చలానా కట్టాం. కట్టినందుకు నాకు బాధ లేదు. బాధంతా ఆ ఒకటిన్నర శాతం గురించే. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ అనేది పంచాయతీ, మండల పరిషత్, జిల్లా పరిషత్ పంచుకోవాల్సిన డబ్బు, రిజిస్ట్రేషన్ వాళ్లు వాటి తరఫున వసూలు చేసి పెడతారు, అంతే. నా ఒక్క దస్తావేజు మీదే అది 30 వేలు. మరి ఈ ఏడాది మా ఊళ్లో ఎన్ని స్థలాలు చేతులు మారాయి?

మా పంచాయతీ కార్యదర్శిని అడిగితే పాపం ఆ అబ్బాయి దగ్గరా సమాధానం లేదు. "ట్రెజరీ నుంచి ఎప్పుడు జమైతే అప్పుడేనండీ, ఎన్ని నెలలదో, ఏ లెక్కో మాకు చెప్పరు" అన్నాడు. ఇక్కడేమో చెత్త ఎత్తేవాళ్లకి రెండు నెలలుగా జీతం లేదు, మంచినీళ్ల మోటారు కాలిపోతే వీధికింత అని చందా వేసుకుని బాగు చేయించుకున్నాం. పన్ను కట్టిన ఊరు మళ్లీ చందా ఎందుకు వేసుకోవాలి?

కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం నిధులున్నాయి కదా అంటారు. 15వ ఆర్థిక సంఘం (2021-26) ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలన్నారు, మిగిలిన 40 శాతంతో కూడా జీతాలు ఇవ్వకూడదన్నారు. అందుకే జీతాలకి ఊరి సొంత డబ్బే దిక్కు, అందులో ఇంటి పన్ను తర్వాత చెప్పుకోదగ్గది ఈ ట్రాన్స్‌ఫర్ డ్యూటీయే. ఆ ఆర్థిక సంఘం డబ్బు చేతికందిన పది పనిదినాల్లో రాష్ట్రం స్థానిక సంస్థలకు పంపాలని, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలని షరతు పెట్టారు. కేంద్రం డబ్బుకి పెట్టిన ఆ గడువు, మా దగ్గరే వసూలు చేసిన మా డబ్బుకి ఎందుకు పెట్టరు?

ఇంకో మాట కూడా చెప్పాలి. మాది రోడ్డు పక్క ఊరు కాబట్టి రిజిస్ట్రేషన్లు జరుగుతాయి. పాడేరు, అరకు లాంటి ఏజెన్సీ ఊళ్లలో 1/70 చట్టం వల్ల గిరిజనేతరులకి భూమి బదిలీ కాదు, గిరిజనుల భూమిని కాపాడే ఆ చట్టం ఉండి తీరాలి, కానీ దానితో అక్కడి పంచాయతీలకి ఈ ఆదాయం దాదాపు రాదు. అలాంటి ఊళ్లకి ఎంత ఇవ్వాలో చెప్పడానికే రాజ్యాంగం 243-ఐ కింద ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయమంది. దాన్ని వేళకి వేసి, అది చెప్పింది అమలు చేస్తే కొండ మీది ఊరు ఎవరి దయకోసమో చూడక్కర్లేదు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. మూడు నెలలకోసారి పంచాయతీ బోర్డు మీద మూడు అంకెలు రాయండి: మన ఊరి దస్తావేజుల మీద వసూలైన ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఎంత, అందులో పంచాయతీ వాటా ఎంత, ఖాతాలో పడింది ఎంత. రిజిస్ట్రేషన్ లెక్కలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, ఇదేమంత కష్టమైన పని కాదు. వచ్చే గ్రామసభకి నా చలానా కాగితం పట్టుకెళ్లి ఇదే అడుగుతాను. మీ పాఠకులు కూడా వాళ్ల ఊళ్లలో అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా