వార్షిక నివేదిక 2025–26: సహకార దుకాణం ఉపసంఘం

సభ్యులందరికీ నమస్కారం.

మినియాపొలిస్‌లో సోమాలీ, ఒరోమో, ఇతర ఇథియోపియా కుటుంబాలు కలిసి నడుపుతున్న సహకార కిరాణా దుకాణంలో మన తెలుగువాళ్లు కూడా వాటాదారులు. లెక్కల్లోనూ సరుకు నిల్వలోనూ ఆ దుకాణానికి తోడుండటానికి మన సంఘం వేసిన ఉపసంఘం ఈ ఏడాది చేసిన పని వివరాలివి. పండుగలు, పిల్లల తెలుగు బడి నివేదికలు విడిగా వస్తాయి.

ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు సహకార వ్యాపారం పెట్టడం అమెరికాలో కొత్త సంగతేమీ కాదు. డెన్వర్‌లో గ్రీన్ టాక్సీని డ్రైవర్లే తలా 2,000 డాలర్లు వేసుకుని పెట్టుకున్నారు. వాళ్లలో తూర్పు ఆఫ్రికా వాళ్లు చాలామంది. మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌లో నలుగురు సోమాలీ బంటూ (సోమాలియాలోని ఒక మైనారిటీ వర్గం) రైతులు 30 ఎకరాల్లో న్యూ రూట్స్ సహకార వ్యవసాయం మొదలుపెట్టారు. రెండు చోట్లా ముందు నిలబడింది సభ్యులే.

పెట్టుబడి సంగతి. ముస్లిం సభ్యులు వడ్డీ అప్పుకు ఒప్పుకోరు, కాబట్టి బ్యాంకు మాట లేదు. దాని స్థానంలో సోమాలీల అయూతో ఉంది. చీటీ కట్టినవాళ్లకు ఇది సగం తెలిసినట్టే; తేడా అంతా పాటలోనే. మన చీటీలో అవసరం ఉన్నవాడు తగ్గించి పాడుకుంటాడు, ఆ తగ్గింపును మిగతావాళ్లు పంచుకుంటారు. అయూతోలో పాట ఉండదు. 20 మంది నెలకు 100 డాలర్లు వేస్తే, వంతు వచ్చినవాళ్లకు 2,000 డాలర్లూ చేతికొస్తాయి. దుకాణం కూడా ఒక సభ్యుడిగా చేరి, మొదటి వంతు తీసుకుని ఫ్రీజరు కొనుక్కుని, మిగతా 19 నెలలూ వాయిదా కడుతుంది.

చిక్కు వచ్చేది పద్దు రాసేటప్పుడు. ఆ 2,000లో దుకాణం సొంత డబ్బు 100, మిగతా 1,900 బాకీ. మొత్తాన్నీ రాబడి కింద రాసేస్తే లేని మిగులు కనపడుతుంది, దాన్ని సభ్యులకు పంచేస్తారు, తరువాతి వాయిదాలకు గల్లాపెట్టె ఖాళీ. అందుకని దీనికి విడి ఖాతా తెరిపించాం: 1,900తో మొదలై, నెలకు 100 చొప్పున తగ్గుతుంది. ముందు వంతులు తీసుకునేవాళ్లకు ఇద్దరు హామీదారులు ఉండాలని కూడా రాయించాం. అది ఎందుకో చీటీల్లో మునిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇక సభ్యులు ఎక్కువగా అడిగేది, ఏడాది చివర వచ్చే వాపసు గురించి. సహకారంలో మిగులును వాటాను బట్టి కాదు, కొనుగోలును బట్టి పంచుతారు. ఉదాహరణకు సభ్యుల కొనుగోళ్లు 5 లక్షల డాలర్లు, వాటిమీద మిగులు 10 వేలు అనుకోండి. వాపసు 2 శాతం. 3,000 డాలర్ల సరుకు కొన్న ఇంటికి 60 వస్తుంది. పంచినదానికి దుకాణం ఆ ఏడాదే పన్ను మినహాయింపు పొందాలంటే అందులో కనీసం 20 శాతం, అంటే 12 డాలర్లు, నగదుగా ఇవ్వాలి. మిగతా 48 మీ పేరున దుకాణంలోనే ఉండొచ్చు. లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిదిన్నర నెలల్లోపు ఇది తేలాలి. ఇంటి వాడకానికి కొన్న సరుకు మీద వచ్చే వాపసు మీకు పన్ను ఆదాయం కాదు. క్యాటరింగ్ కోసం కొన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు తమ పన్ను లెక్కల్లో చూపాలి.

సభ్యులు కానివాళ్లు కొన్నదాని మీద మిగులుకు ఈ మినహాయింపు లేదు. కాబట్టి బిల్లు కొట్టేటప్పుడు సభ్యత్వ సంఖ్య నొక్కకపోతే మీ వాపసూ పోతుంది, దుకాణానికి పన్నూ పెరుగుతుంది. శనివారం సాయంత్రం వరుస పొడుగ్గా ఉన్నప్పుడు సరిగ్గా ఇదే వదిలేస్తారు. సంఖ్య మీరే ముందు చెప్పండి.

నిల్వ. ఒకే కోల్డ్ రూములో అన్నీ పెట్టడమే సరుకు పాడవడానికి మొదటి కారణం. మేకమాంసానికి 0 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ కావాలి. బెండకాయను అక్కడే పెడితే గుంటలు పడి నల్లబడుతుంది. దానికి 7 నుంచి 10 డిగ్రీలు. కూర అరటికీ పశ్చిమ ఆఫ్రికా యామ్ దుంపకూ సుమారు 13 నుంచి 15, అంటే చల్లని గది చాలు, ఫ్రిజ్ వద్దు. ఈ ఏడాది మధ్యలో అడ్డుగోడ కట్టించి రెండు గదులు చేశారు, ఒక్కోదానికి థర్మామీటరు వేలాడదీసి పొద్దున, సాయంత్రం అంకె రాస్తున్నారు.

ఆర్డర్లకు రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకోవాలి. ఇథియోపియా ఆర్థడాక్స్ వాళ్లు ఈస్టర్‌కు ముందు 55 రోజులు మాంసం, పాలు ముట్టరు. పప్పులు, శనగపిండితో చేసే షిరో పొడి తెగ అమ్ముడవుతాయి. రంజాన్‌లో ఖర్జూరం, సంబూసా (సమోసా) రేకులు, మాంసం పెరుగుతాయి. 2026లో రెండూ ఫిబ్రవరి మూడో వారంలోనే మొదలయ్యాయి. గత ఏడాది అమ్మకాలు చూసి ఆర్డరు పెట్టడం ఇలాంటప్పుడు పనికిరాదు. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుగా వస్తుంది, ఈస్టర్ ఉపవాసం అలా జరగదు. ఏ ఇంటివాళ్లు ఏం కొంటారో సభ్యత్వ లెక్కే చెబుతుంది.

ఫుడ్ స్టాంపులతో (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయంతో) వేడి వేడి సంబూసా అమ్మకూడదు, గడ్డకట్టినవి అమ్మొచ్చు. ఈ ముక్క మూడు భాషల్లో రాసి కౌంటరు దగ్గర అంటించాం.

మనవాళ్లు ఎదురుచూసేది గోంగూర. పశ్చిమ ఆఫ్రికా వాళ్లూ ఈ ఆకు వండుతారు, కాబట్టి కట్టలు మిగలవు. పగలు తగ్గితే గాని ఈ మొక్క పూతకు రాదు. ఈ ఊళ్లో అప్పటికి మంచు పడుతుంది. అందుకే ఆకు స్థానికంగా దొరుకుతుంది, ఎర్రని ఎండు పువ్వు మాత్రం దిగుమతే. నారు ఇంట్లో పోసి, మే చివర్లో నాటితే జూలై నుంచి తొలి మంచు దాకా కోతకొస్తుంది. ఎంత కావాలో ఏప్రిల్లోనే రైతులకు చెప్పాలి. కావలసినవాళ్లు ఉపసంఘానికి పేరివ్వండి.

దుకాణం లెక్కల సంవత్సరం డిసెంబరు 31తో ముగిసింది. వాపసు చెక్కులు సెప్టెంబరు 15 లోపు పంపాలి. ఇల్లు మారినవాళ్లు ఆగస్టులోపు కౌంటరు దగ్గర కొత్త చిరునామా రాయించండి.