మహాలేకే ఎందుకు రమ్మంటున్నానంటే

దార్ ఎస్ సలామ్,
10 మే 2026

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మార్చిలో పట్టుకున్న పెద్ద వానలు ఇప్పుడిప్పుడే వదులుతున్నాయి. మొన్న ఫోన్లో సఫారీ మాట ఎత్తగానే మీరు సెరెంగెటి అన్నారు, ఆ వెంటనే గోంబే అన్నారు. అమ్మేమో చిన్న విమానం అనగానే "నేను ఎక్కను" అనేసింది. ఈలోగా లైను కట్టయింది. ఇది ఫోన్లో తేలేది కాదని, ఈ టాంజానియాలోనే చింపాంజీలుండే మహాలే పార్కుకి మీరు ఎందుకు రావాలో చెబుతూ ఉత్తరం రాస్తున్నాను. నాన్నగారూ, మీరు ముందు చదివి తర్వాత అమ్మకి వినిపించండి. అమ్మ కోసం రాసింది మాత్రం కత్తిరించకుండా చదవాలి.

ఈ ఏడే ఎందుకంటే, మీ అల్లుడుగారి కాంట్రాక్టు వచ్చే మార్చితో అయిపోతుంది. పొడిగిస్తారో లేదో వాళ్ళకే తెలియదు. చింపాంజీలు బాగా కనబడేది ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ దాకా. అప్పటికి వానలు లేక చాలా రోజులవుతుంది కాబట్టి అవి కొండ దిగువకు వస్తాయి, మనం ఎక్కాల్సిన ఎత్తు తగ్గుతుంది. మార్చి మధ్య నుంచి మే ఆఖరు దాకా వానలకు అక్కడి క్యాంపులు మూసేస్తారు. అంటే మన చేతిలో ఉన్నది ఈ ఒక్క సీజనే.

సెరెంగెటి గురించి పెద్దగా వాదించను. గొప్ప చోటే. మేము వెళ్ళాం, ఫోటోలు చూశారు కదా. కానీ ఒక చిరుతపులి కనబడితే దాని చుట్టూ జీపులు మూగే చోట మీరు ఎక్కువసేపు కూర్చోలేరని నాకు తెలుసు. పైగా అక్కడ చింపాంజీలు లేవు.

అసలు పేచీ చింపాంజీలున్న ఇంకో పార్కు గోంబేతోనే. పోయినేడాది అక్టోబర్ 1న చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ పోయారన్న వార్త వచ్చినప్పుడు మీరు ఫోన్లో ఎంతసేపు మాట్లాడారో గుర్తుంది. 1960 జులైలో ఆవిడ గోంబేకి వచ్చినప్పుడు ఒక్కతే ఆడపిల్ల అడవిలో ఉండకూడదని అధికారులు పట్టుబడితే వాళ్ళ అమ్మని తోడు తెచ్చుకుందని, ఆ ఏడే చింపాంజీ గడ్డిపరకతో పుట్టలోంచి చెదపురుగులు తీసి తినడం చూసిందని ఇంటర్ పిల్లలకి మీరు చెప్పిన పాఠం నేనూ వెనక బెంచీలో కూర్చుని విన్నదే. గోంబే చూడాలన్న కోరిక న్యాయమైనదే. ఖర్చూ తక్కువే. కిగోమా ఊరి దాకా మామూలు విమానం ఉంది, అక్కడి నుంచి సరస్సు మీద పడవ.

అయినా మహాలే అంటున్నాను. గోంబే చిన్న అడవి, చుట్టూ పొలాలూ ఊళ్ళూ వచ్చేశాయి. మహాలే 1,613 చదరపు కిలోమీటర్లు. అదే టాంగన్యీకా సరస్సు ఒడ్డున, గోంబేకి బాగా దక్షిణంగా ఉంటుంది. వెనక న్‌కుంగ్వే శిఖరం, 2,462 మీటర్లు. పార్కు లోపల రోడ్డన్నదే లేదు, జీపు తిరగదు. పడవ దిగితే ఇక నడకే. పరిశోధనలో కూడా ఇది గోంబేకి తీసిపోదు. క్యోటో విశ్వవిద్యాలయం నుంచి తోషిసదా నిషిదా అనే ఆయన 1965లో అక్కడికి వచ్చారు. మొదట్లో చెరకు గడలు పెట్టి చింపాంజీలను మనుషులకు అలవాటు చేశారట. ఆ తర్వాత తిండి పెట్టడం మానేశారు, చూడటం మాత్రం మానలేదు. ఇప్పుడు మనం చూడగలిగేది ఎం గ్రూపు అనే ఒక్క గుంపునే. అందులో అరవై దాకా ఉంటాయి.

మీకు నచ్చే సంగతి ఒకటుంది. గోంబే వాటికీ వీటికీ అలవాట్లు వేరు. గోంబేలో చెదపురుగుల వేట ప్రసిద్ధి కదా, మహాలే ఎం గ్రూపువి పుల్లలతో చెట్టు తొర్రల్లోని చీమలను పడతాయి. రెండు చింపాంజీలు ఎదురెదురుగా కూర్చుని, చెరొక చెయ్యి పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో ఒకదాని ఒళ్ళు ఒకటి శుభ్రం చేసుకుంటాయి. దీన్ని మొదట గమనించి రాసింది మహాలేలోనే, 1970లలో. ఒకే జాతి, ఒకే సరస్సు ఒడ్డు, ఆచారాలు మాత్రం వేరు. పాఠంలో చెప్పింది చూడటానికి గోంబే సరిపోతుంది. పాఠంలో లేనిది చూడాలంటే మాత్రం మహాలేకే రావాలి.

ఒక్క మాట, ఆ కొండల్లో తరతరాలుగా ఉన్న టోంగ్వే వాళ్ళని పార్కు కోసం బయటికి పంపేశారు. పార్కు అయ్యింది 1985లో. ఇప్పుడు చింపాంజీల జాడ తీసే ట్రాకర్లలో వాళ్ళే కొందరు. ఆ అడవిలో మనకి దారి చూపించేది ఎవరో మీకు తెలిసి ఉండాలని రాశాను.

ఇక ప్రయాణం. దార్ నుంచి మహాలేకి గీత గీసినట్టు పోయినా వెయ్యి కిలోమీటర్ల పైనే. రోడ్డు మీద పోతే రోజులు పడుతుంది, చివర్లో మళ్ళీ పడవ. అందుకే విమానం. పన్నెండు మంది పట్టే సెస్నా కారవాన్, ఒకే ఇంజను. అమ్మ భయపడేది దీనికే. సిటీ బస్సులా మధ్యలో ఒకటి రెండు పార్కుల్లో మట్టి రన్‌వే మీద దిగుతుంది, ఇద్దరు దిగుతారు, ఒకరు ఎక్కుతారు, మళ్ళీ లేస్తుంది. రన్‌వే మీద జంతువులుంటే పైలట్ ఒకసారి కిందగా పోనిచ్చి వాటిని తరిమి అప్పుడు దించుతాడు. మధ్యాహ్నం ఎండకి కుదుపులు ఉంటాయి, పొద్దున పూట నయం. విమానంలో బాత్రూం ఉండదు. నాన్నగారూ, ఆ రోజు పొద్దున రెండో కాఫీ మానేయండి.

పడమటి వైపు పార్కులకి ఈ విమానం వారానికి రెండు రోజులే. అందుకని ఎక్కడ దిగినా మూడు రాత్రులో నాలుగు రాత్రులో ఉండి తీరాలి, మధ్యలో బయటపడే దారి లేదు. నేను వేసిన లెక్క ముందు కటావీ పార్కులో మూడు రాత్రులు, తర్వాత మహాలేలో నాలుగు. మీ అల్లుడుగారు రువాహా పార్కు కూడా కలుపుదాం, ఏనుగులు బాగుంటాయి అన్నారు. వద్దన్నాను. పది రోజుల్లో మూడు చోట్ల సామాను కట్టి విప్పడం మీ వయసులో సరదాగా ఉండదు. చింపాంజీలకీ నాలుగు రాత్రులు కావాలి. గుంపు ఒక్కచోట ఉండదు, చిన్న చిన్న ముఠాలుగా విడిపోయి తిరుగుతుంది. ఒకరోజు అరగంటలో దొరకవచ్చు, మర్నాడు నాలుగు గంటలు కొండెక్కినా అరుపులు తప్ప ఏమీ వినబడకపోవచ్చు. రెండు రాత్రులకి పోయి చూడకుండా తిరిగొస్తే ఆ ఖర్చు తలుచుకుని ఏడాదంతా బాధపడాలి.

కటావీ ఎందుకంటే అది దారిలోనే ఉంది, పైగా సెప్టెంబరులో దాన్ని మించింది లేదు. కటూమా నది దాదాపు ఎండిపోతుంది. మిగిలిన బురద గుంటల్లో నీటి ఏనుగులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, వందల లెక్కన. మొసళ్ళు ఎండకు ఆగలేక నది గట్టులో బొరియల్లోకి దూరి కూర్చుంటాయి. గేదెల మందలు, వాటి వెనక సింహాలు. 4,471 చదరపు కిలోమీటర్ల పార్కు, అందులో మనుషులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టే అంత. వాసన గురించి ముందే చెబుతున్నాను. ఆ గుంటల పక్కన ముక్కు మూసుకోవాల్సిందే.

ఇంకోటి, కటావీలో సెట్సీ ఈగలు ఎక్కువ. బట్టల పైనుంచే కుడతాయి. ముదురు నీలం, నలుపు రంగులకి బాగా వస్తాయి. మీకున్న ప్యాంట్లన్నీ నేవీ బ్లూవే కాబట్టి ఈసారి బూడిద రంగువో ఖాకీవో రెండు జతలు కుట్టించుకోండి.

అమ్మా, ఇది నీకు. మహాలేలో విమానం దిగాక గంటన్నర పడవ ప్రయాణం, కూర్చోవడానికి బాగానే ఉంటుంది. గుడారం అంటే గుడారం కాదు. మంచం, దోమతెర, లోపలే బాత్రూం. చెప్తే వేడినీళ్ళు తెచ్చి పోస్తారు. చీకటి పడ్డాక ఒక్కదానివే బయటికి రాకూడదు, భోజనానికి పిలిచినా మనిషి తోడు వస్తాడు. మోకాళ్ళతో నువ్వు కొండెక్కక్కర్లేదు. మన బుజ్జిగాడు కూడా ఎక్కడు. పన్నెండేళ్ళు నిండితేనే చింపాంజీల దగ్గరికి పంపుతారు, వాడికి నిండేది జనవరిలో. ఎంత బతిమాలినా వినరని తెలిసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. గోంబేలో అయితే వయసు ఇంకా ఎక్కువ అడుగుతారు. అందుకని మేము అడవిలోకి పోయినప్పుడు నువ్వూ వాడూ సరస్సు దగ్గర ఉంటారు. ప్రపంచంలో రెండో లోతైన సరస్సు అది, 1,470 మీటర్లు. నీళ్ళు అడుగు కనబడేంత తేటగా ఉంటాయి, అవతలి ఒడ్డు కాంగో. రంగు రంగుల చేపలు, వాటిలో చాలా రకాలు ఇంకే సరస్సులోనూ దొరకవు. క్యాంపు వాళ్ళు పడవ మీద తిప్పుతారు. ఈత సంగతి మాత్రం వాళ్ళు చెప్పిన చోటే. మొసళ్ళున్నాయి, వాడు ఎంత అడిగినా నువ్వు కరిగిపోవద్దు.

చేపలంటే గుర్తొచ్చింది. ఆ సరస్సు నుంచి వచ్చే ఎండు చేపల్ని ఇక్కడ డగా అంటారు, మన ఎండు నెత్తళ్ళలాగే ఉంటాయి. కరియాకో బజారులో కొని చింతకాయ వేసి వండాను. నువ్వు వండినట్టు రాలేదు, నువ్వొచ్చి చెయ్యాలి.

ఆవకాయ తేవద్దని అనను కానీ లెక్క విను. ఈ విమానంలో మనిషికి 15 కిలోలే, చేతి సంచీ, కెమెరా అన్నీ కలిపి. అదీ మెత్తటి సంచీ అయి ఉండాలి, గట్టి సూట్‌కేసు విమానం పొట్టలో పట్టదు. పెద్ద పెట్టెలు దార్‌లో మా ఇంట్లో వదిలేద్దాం, సఫారీకి చిన్న సీసా ఒకటి చాలు. 2019 జూన్ నుంచి ఈ దేశంలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. పొడులూ అప్పడాలూ గుడ్డసంచుల్లోనో స్టీలు డబ్బాల్లోనో సర్దు. చింపాంజీల దగ్గరికి తినేవి ఏవీ తీసుకుపోకూడదు కాబట్టి నాన్నగారి జేబులో బెల్లం ముక్కలు ఉండకుండా చూసే బాధ్యత నీదే.

నాన్నగారూ, మళ్ళీ మీతో. ఒకసారికి ఆరుగురినే పంపుతారు, చింపాంజీల దగ్గర ఉండనిచ్చేది గంట. పది మీటర్ల దూరం పాటించాలి, మొహానికి మాస్కు తప్పనిసరి. 2006లో ఎం గ్రూపుకి జలుబు లాంటి జబ్బు వచ్చి కొన్ని చనిపోయాయి. మనుషులకి వచ్చే రకం వైరస్‌కు దగ్గరిదే అని తేలింది. మనకి రెండు రోజుల ముక్కు దిబ్బడ, వాటికి ప్రాణాపాయం. అందుకే ఆ పొద్దున దగ్గు, జలుబు ఉన్న మనిషిని అడవిలోకి రానివ్వరు. ఇంత ఖర్చు పెట్టి వచ్చామండీ అన్నా కుదరదు, కుదరకూడదు కూడా. ప్రయాణానికి ముందు వారం పెళ్ళిళ్ళకీ జాతరలకీ పోకండి. మగ చింపాంజీ ఒక్కోసారి కొమ్మలు విరుస్తూ మీదికి వచ్చినట్టే పరుగెడుతుంది. మనం పరుగెత్తకూడదు, గైడు చెప్పినట్టు చెట్టు పట్టుకుని నిలబడాలి. ప్యాంటు సాక్సులోకి దోపుకోవాలి, అక్కడి చీమలు మాట వినే రకం కాదు.

తేదీల విషయం. ఈ ఏడు వినాయక చవితి సెప్టెంబర్ 14. పూజ చేసుకుని ఆ వారంలోనే బయలుదేరండి. ఇక్కడ మూడు రోజులు విశ్రాంతి తీసుకుని 21న కటావీకి పోతే 28కి వెనక్కి వచ్చేస్తాం. మహాలయ అమావాస్య అక్టోబర్ 10. తాతయ్యగారి తిథి పక్షాల చివర్లోనే కాబట్టి అప్పటికి తెనాలిలో ఉంటారు. ఇది కుదరకపోతే ఆగస్టు చివర అనుకుందాం, కానీ అమ్మ శ్రావణ శుక్రవారం వదులుకుంటుందా అన్నది మీరే అడగండి.

టికెట్లు హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా చూస్తున్నాను. కెన్యా, ఇథియోపియా మీదుగా కాస్త చవకే కానీ అక్కడ ఎక్కువసేపు ఆగితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. అరవై దాటాక ఆ టీకా మొదటిసారి వేయించుకోవడం అంత మంచిది కాదంటారు, ఆ గొడవే వద్దు. మలేరియా మాత్రలు మాత్రం తప్పవు. మీ బీపీ మందుల చీటీ తీసుకెళ్ళి ఏ రకం పడుతుందో డాక్టరుగారిని అడగండి. వీసా ఆన్‌లైన్లో నేనే పెడతాను, మనిషికి 50 డాలర్లు. అత్యవసరమైతే విమానంలో ఆస్పత్రికి చేర్చే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ కవరు కూడా అందరికీ తీసుకుంటున్నాను.

డబ్బు గురించి మీరు ఎత్తుతారని తెలుసు. మాకు రెసిడెంట్ పర్మిట్ ఉంది కాబట్టి పార్కు రుసుములో తగ్గింపు వస్తుంది, మీ ఇద్దరికీ పూర్తి ధర. క్యాంపు, విమానం మేమే పెట్టుకుంటాం. అంతర్జాతీయ టికెట్లు మీరు కొంటానంటే కొనండి, అక్కడితో ఆపండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ జోలికి పోవద్దు.

ఈ నెలాఖరుకి అడ్వాన్సు కట్టాలి. అందుకని రెండు పాస్‌పోర్టుల మొదటి పేజీలు ఫోటో తీసి పంపండి, గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. బూట్ల సైజులు రాయండి. విమానం వాళ్ళు ప్రయాణికుల బరువు కూడా అడుగుతారు, మీ ఇద్దరి బరువూ కావాలి. అమ్మది పెళ్ళినాటి బరువు కాదు, నిజం బరువు.

మీ అమ్మాయి