ఈసారి నిమ్మపూల తేనె ఎందుకు లేదు, ఆర్‌ఎన్‌ఏ మందు ఎందుకు వాడలేదు

అడ్వాన్సు ఇచ్చిన 62 మందికీ అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది పొదలకూరు తోటల నిమ్మపూల తేనె ఇవ్వలేను. సంక్రాంతి ముందు 40 పెట్టెలుండేవి, ఇవాళ ఈగలున్నవి 17. వాటిలో ఉన్న కాస్త తేనె ఈగలకే వదిలేశాను. అవి కోలుకోవాలంటే తిండి కావాలి గదా. మీ డబ్బులు శనివారంలోపు ఏ నంబరు నుంచి వచ్చాయో ఆ నంబరుకే ఫోన్‌పే చేస్తాను.

కార్తీకంలో ముసురు పట్టి విడవలేదు. ఈగలు మేతకు పోలేక నీరసించాయి. పుష్యమాసంలో తోట రైతు ఫోన్ చేసి, "ఏందబ్బయా, పెట్టెల్లో సందడి తగ్గిందే" అన్నాడు. పోయి పిల్లల అరలో చట్రం పైకెత్తి చూశాను. మైనం మూత పడాల్సిన గదులు కొన్ని తెరిచే ఉన్నాయి. లోపల పిల్లపురుగులు తల పైకెత్తి బిగుసుకుపోయి ఉన్నాయి. ముత్యంలా తెల్లగా ఉండాల్సినవి పసుపుపచ్చకు తిరిగాయి. నిమ్మముల్లుతో ఒకదాన్ని మెల్లగా లాగితే తోలు చిరక్కుండా మొత్తం ఊడొచ్చింది, కింది భాగమంతా నీళ్లు నిండిన చిన్న సంచి. చేతిలో ముల్లు పట్టుకుని చాలాసేపు అక్కడే కూచుండిపోయాను.

దీన్ని సాక్‌బ్రూడ్ అంటారు, వైరస్ జబ్బు. మన నాటు పుట్టతేనెటీగకు దీని థాయ్ రకం మహా చేటు. 1991-92లో కేరళ, కర్ణాటక, తమిళనాడులో పెట్టెలకు పెట్టెలే ఊడ్చేసింది. వైరస్ రావడం నా చేతిలో లేదు, అన్ని పెట్టెలకూ పాకడం మాత్రం నా తప్పే. బలం తగ్గిన పెట్టెలకు ఊతమిద్దామని బలంగా ఉన్న ఒక పెట్టె నుంచి పిల్లల చట్రాలు తీసి పంచాను. జబ్బు మొదలైంది ఆ పెట్టెలోనే. సరిగా చూసుంటే కనిపించేది.

మీలో కొందరు, "ఈగలకు ఆర్‌ఎన్‌ఏ మందు వచ్చిందంట, వాడలేదా?" అని అడిగారు. ఇంకొందరు, "అది పెడితే జన్యుమార్పిడి తేనె అవుతుంది, మాకొద్దు" అన్నారు. ఇద్దరికీ వివరంగా చెప్పాలి.

ఈగ ఒంట్లోనే ఒక కాపలా ఉంది. ఆర్‌ఎన్‌ఏ అంటే జన్యు సమాచారం అక్షరాల వరసలా రాసుండే సన్నటి పోగు. సాక్‌బ్రూడ్ వైరస్‌ది ఒంటిపేట ఆర్‌ఎన్‌ఏ. కణంలో దూరి తన నకళ్లు తీసుకునేటప్పుడు అది రెండుపేటలవుతుంది. అలాంటి పొడవాటి రెండుపేటల పోగు కంటబడితే డైసర్ అనే ఎంజైము దాన్ని సుమారు 21 అక్షరాల ముక్కలుగా కోస్తుంది. ఆర్గోనాట్ అనే ప్రోటీను ఆ ముక్కలో ఒక పేటను ఆనవాలుగా పట్టుకుని, దానికి జతపడే వైరస్ ఆర్‌ఎన్‌ఏను దొరికినచోటల్లా తెంచేస్తుంది. రెండుపేటల ఆర్‌ఎన్‌ఏకు ఈ శక్తి ఉందని 1998లో ఒక సన్నపురుగులో చూపించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ వచ్చింది. మందు అంటే, వైరస్‌కు సరిపోయే రెండుపేటల ఆర్‌ఎన్‌ఏను పంచదార పాకంలో కలిపి ముందే తాగించి ఆ కాపలాను మేల్కొలపడం. ఈగ జన్యువులు మారవు, కాబట్టి ఆ భయం వద్దు.

ఇది ఉత్తమాట కూడా కాదు. తేనెటీగలకే వచ్చే ఇంకో వైరస్, ఇజ్రాయెలీ అక్యూట్ పెరాలిసిస్ వైరస్ మీద 2009లో పని చేసింది. 2010లో అమెరికాలోని ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో 160 పెట్టెల మీద చూస్తే, మందు తాగిన పెట్టెల్లో ఈగలు ఎక్కువ మిగిలాయి, తేనె కూడా ఎక్కువ పెట్టాయి. మన ఈగ జాతి పిల్లపురుగులకే చైనాలో సాక్‌బ్రూడ్ మీద పెట్టి చూశారు, అక్కడా ఫలితం కనిపించింది. నాకు దీని మీద నిజంగా ఆశ ఉంది.

మాఘంలో ఒకాయన నా దగ్గరికి సీసా తెచ్చాడు. చీటీ లేదు, తయారైన తేదీ లేదు. ఏ వైరస్‌కని అడిగితే, "అన్నింటికీ" అన్నాడు. అక్కడే తెలిసిపోయింది. ఇందులో అక్షరాలు జతపడితేనే పని. ఒక వైరస్ కోసం చేసింది, దానితో పోలికలేని ఇంకో వైరస్‌ను ఏమీ చేయదు. పైగా అది నాజూకు సరుకు. నెల్లూరు ఎండలో చీటీ లేని సీసాలో ఏం మిగిలుంటుంది? 23 పెట్టెలు పోయిన బాధలో చేయి జేబుదాకా పోయింది, కానీ కొనలేదు. మీరు తినే తేనెలోకి నాకే తెలియనిది పోనివ్వను.

నేను చేసింది పాత పద్ధతే. రాణి ఈగల్ని మూడు వారాలు చిన్న బోనుల్లో పెట్టి గుడ్లు ఆపించాను. పిల్లలు లేకపోతే వైరస్ పెరిగే చోటు తగ్గుతుంది, కూలి ఈగలు గదులన్నీ శుభ్రం చేసుకుంటాయి. జబ్బు పెట్టెల పట్టులు కాల్చేశాను. నిన్నటికి 11 పెట్టెల్లో పిల్లలు తెల్లగా ఉన్నాయి.

పోయినేడు కొన్న సీసాలు నిశ్చింతగా వాడుకోండి, ఈ వైరస్ మనుషులకు రాదు. బయట తేనె కొని నిమ్మపూల తేనె అని ఇవ్వమన్నవాళ్లున్నారు, ఆ పని చేయను. వేపపూతకు ఏదైనా మిగిలితే అప్పుడు చెబుతాను, ఈలోగా ఎవరూ అడ్వాన్సు పంపొద్దు.

ఆదివారం పొద్దున తోటలోనే ఉంటాను, చూడాలనుకున్నవాళ్లు రండి. ఇంట్లో పెట్టెలు పెంచే అన్నలు, అక్కలు మాత్రం మీ చట్రాలు, చేతి తొడుగులు వెంట తేవద్దు.