వంశవృక్షం పటంలో తప్పిపోయిన ఆడపడుచుల గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారం. నేను జీవశాస్త్రం ఉపాధ్యాయుడిని. మేనరికాల గురించి పిల్లలకు పాఠం చెప్పడానికి డార్విన్, వెడ్జ్‌వుడ్ కుటుంబాల వంశవృక్షం కావాలని మీకు 3,500 రూపాయలు కట్టాను. పటం అందింది. కాగితం మేలైనదే. అందులో చుట్టరికాలే లేవు.

చార్లెస్ డార్విన్ 1839లో పెళ్ళాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ స్వయానా ఆయన మేనమామ కూతురు. అంతకు ముందే, 1837లో, చార్లెస్ అక్క కరోలిన్‌ను ఎమ్మా అన్న మూడవ జొసయా చేసుకున్నారు. మన దగ్గర దీన్ని కుండమార్పిడి అంటాం. మీ పటంలో మాత్రం కరోలిన్ డార్విన్‌ల కొమ్మ చివర పెళ్ళికాని మనిషిగా మిగిలిపోయారు. ఫోన్ చేసి అడిగితే, ఒకే పేరు రెండు వైపులా వస్తే కంప్యూటర్ ఒకటి తీసేస్తుందని మీ సిబ్బంది చెప్పారు. నాకు కావలసిందే ఆ రెండో చోటు!

ఆ పెళ్ళి పోవడంతో కరోలిన్ కూతురు మార్గరెట్ కూడా పోయారు. ఆమె కొడుకే 1872లో పుట్టిన సంగీతకర్త వాన్ విలియమ్స్. ఇంటిపేరు మారితే వంశం తెగిపోతుందా?

మారకపోయినా మీకు చిక్కే. పింగాణీ పాత్రలతో పేరుపొందిన మొదటి జొసయా 1764లో దూరపు బంధువు సారాను చేసుకున్నారు. ఆమె పుట్టింటి పేరు కూడా వెడ్జ్‌వుడే. మీరేమో ‘పుట్టింటి పేరు తెలియదు’ అని అచ్చువేశారు. సగోత్రమని జంకారేమో.

పెళ్ళయ్యాక ఆడవారి జాడ దొరకదన్న మీ జవాబు నేను ఒప్పుకోను. ఇంగ్లండులో 1837 జూలై నుంచి పెళ్ళి రిజిస్టరులో వధూవరులిద్దరి తండ్రుల పేర్లూ రాస్తూ వచ్చారు. దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళపై 1871 జనగణనలో ఒక ప్రశ్న చేర్చాలని డార్విన్ స్వయంగా ప్రయత్నించారు. పార్లమెంటు ఒప్పుకోలేదు. ఆయనను అంతగా వేధించిన సంగతే పటంలో లేకపోతే నేను పిల్లలకు ఏం చూపించాలి?

పదిహేను రోజుల్లో సరిచేసిన పటం పంపండి, లేదా నా డబ్బు తిరిగి ఇవ్వండి. రెండూ జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

రసీదు నకలుతో పాటు, నేను పెన్సిలుతో దిద్దిన పటం ఫోటో కూడా జతచేశాను. అందులో కరోలిన్ గీత ఎమ్మా గీతను అడ్డంగా దాటుతుంది. అది పొరపాటు కాదు, దయచేసి చెరపకండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు