ఫ్యాన్ మోటారు పాడైతే మొత్తం సెట్టు ఎందుకు కొనాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఈ వేసవిలో ఏలూరు నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీద బానెట్ ఎత్తి పక్కన ఆపిన కార్లు చాలా కనిపించాయి. మే నెలలో ఒక రోజు అలా ఆగిన కారు నాదే. ఆ తర్వాత రెండు వారాల్లో నాకు ఎదురైన సంగతులు నాలాంటి చాలామందికి ఎదురవుతున్నాయనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. బడికి రానూపోనూ రోజుకు 40 కిలోమీటర్లు. నాది పదకొండేళ్ల కిందటి చిన్న కారు. ఆ రోజు మధ్యాహ్నం రైల్వే గేటు పడింది. ముందు గూడ్సు, దాని వెనకే ఇంకో బండి. ఏసీ వేసుకుని కూర్చున్నాను. అప్పటికి కొద్ది రోజులుగా ఒక తేడా కనిపిస్తూనే ఉంది. కారు కదులుతుంటే చల్లగాలి, ఆగితే ఉడుకు గాలి. గ్యాస్ తగ్గిందేమో, జీతం పడ్డాక నింపిద్దాంలే అనుకున్నాను. గేటు ఎత్తే లోపల టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లిపోయింది. బానెట్ అంచు నుంచి ఆవిరి, తియ్యటి వాసన.

వెనక ఆటోలోంచి దిగిన పెద్దాయన సాయం చేద్దామని పరుగున వచ్చి రేడియేటర్ మూత మీద తుండుగుడ్డ వేశాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపేశాను. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి అదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదకు ఎగజిమ్ముతుంది. ఇంజిన్ ఆపి, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లబడేదాకా ఆగాలి. గంట పట్టినా సరే ఆగాలి.

కారును బండికి కట్టించి వర్క్‌షాపుకు చేర్చాను. సాయంత్రానికి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఫ్యాన్ అసెంబ్లీ (మోటారు, రెక్కలు, చట్రం కలిసిన సెట్టు), లేబరు, ట్యాక్సు కలిపి పదమూడు వేలు దాటింది. "జాగ్రత్త కోసం రేడియేటర్ కూడా మార్చేస్తే మంచిది మేడమ్" అన్నారు. ఏది పాడైందని అడిగాను. "ఫ్యాన్ తిరగట్లేదు." ఎందుకు తిరగట్లేదంటే జవాబు లేదు. కాగితం మీద పార్టు నంబర్లు, ధరలే తప్ప కారణం ఒక్క ముక్క రాసి లేదు. జ్వరమొచ్చిందని వెళ్తే రక్త పరీక్ష చేయకుండా మందుల బిల్లు ఇచ్చినట్టుంది.

నేను ఆ ఎస్టిమేట్ మీద సంతకం పెట్టలేదు. కారును ఇంటికి తెప్పించుకున్నాను.

మా చెల్లెలి కొడుకు ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదివాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి, "పెద్దమ్మా, ముందు ఏం పాడైందో చూద్దాం. విప్పడం తర్వాత సంగతి" అన్నాడు. మొదట ఫ్యూజు చూశాడు, బాగుంది. ఫ్యాన్ రిలే (ఫ్యానుకు కరెంటు వదిలే స్విచ్చు లాంటిది) తీసి, పక్కనే ఉన్న అదే రకం రిలేతో మార్చి చూశాడు, తేడా లేదు. మా కారుకు రెండు ఫ్యాన్లు, ఒకటి రేడియేటర్‌ది, ఇంకొకటి ఏసీది. రెండింటి కప్లర్లూ (వైర్లు కలిపే ప్లగ్గులు) ఊడదీసి, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టిన వైర్లతో ఒక్కొక్క దానికి నేరుగా కరెంటు ఇచ్చాడు. ఏసీ ఫ్యాను గిర్రున తిరిగింది. రేడియేటర్ ఫ్యాను ఒకసారి మూలిగి ఆగిపోయింది. పదిహేను నిమిషాల్లో తేలిపోయింది. పాడైంది ఒక్క మోటారు. రెక్కలు, చట్రం, రెండో ఫ్యాను, రేడియేటర్, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

ఆ ఒక్క మోటారు కోసం విజయవాడ ఆటోనగర్‌లో సగం రోజు తిరిగాం. మొదటి రెండు షాపుల్లో "మోటారు విడిగా రాదు, సెట్టే తీసుకోవాలి" అన్నారు. మూడో చోట దొరికింది. అక్కడ ఒకేలాంటి రెండు డబ్బాలు పెట్టారు. ఒకదాని మీద ఎమ్మార్పీ, తయారైన నెల, తయారీదారు చిరునామా ఉన్నాయి. రెండోదాని మీద రంగురంగుల బొమ్మ తప్ప ఏమీ లేదు, ధర మాత్రం సగం. మొదటిదే బిల్లుతో తీసుకున్నాం, రూ.2,350. బిల్లు అడిగితే షాపులో ముఖం కాస్త మారింది కానీ ఇచ్చారు.

విప్పే పని గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇది ఇంట్లో చేయగలిగిందేనా అని నన్ను చాలామంది అడుగుతున్నారు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ముందుగా బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసేయాలి. చాలా కార్లలో తాళం తీసేసినా వేడి ఉంటే ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, రెక్కల మధ్య వేలుంటే అంతే. మా కారులో రేడియేటర్ పై గొట్టం అడ్డు వచ్చింది. దాన్ని తీసేముందు కింద పాత బేసిన్ పెట్టి రెండు లీటర్ల దాకా కూలెంట్ పట్టాం. ఆ పచ్చటి నీళ్లు తియ్యగా ఉంటాయి, విషం. కుక్కలు, పిల్లలు ఉన్న వాకిట్లో అలా వదిలేయకూడదు, కాలవలో పోయకూడదు. పట్టిన వెంటనే మూత ఉన్న డబ్బాలో పోశాం. తర్వాత చట్రానికి ఉన్న నాలుగు బోల్టులు పది నంబర్ స్పానర్‌తో వచ్చేశాయి. చట్రాన్ని నిటారుగా, నెమ్మదిగా పైకి లాగాలి. పక్కకు వాలితే రేడియేటర్ రేకులు వంగిపోతాయి. మేము మధ్యలో ఒక అట్టముక్క దూర్చి లాగాం.

బయటికొచ్చాక రెక్కల మధ్య నట్టు నేను మామూలుగా తిప్పబోయాను. వాడు నా చెయ్యి ఆపి, "రివర్స్ మర పెద్దమ్మా, కుడికి తిప్పితే ఊడుతుంది" అన్నాడు. అన్ని కార్లలో అలా ఉండదట. ఐటీఐలో వాళ్ల సారు చెప్పబట్టి వాడికి తెలిసింది. నేనొక్కదాన్నే అయితే బలంగా తిప్పి, మర తెగ్గొట్టి, చివరికి ఆ సెట్టే కొనేదాన్ని. కారుతో వచ్చిన పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా లేదు. రిపేరు పుస్తకం వేరే ఉంటుంది, అది కంపెనీ వర్క్‌షాపులకే.

కప్లర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కరిగి ఉంది. అరిగిపోయిన మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఇలాగే అవుతుంది. అది వదిలేసి కొత్త మోటారు తగిలిస్తే అక్కడ మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి కప్లర్ కూడా మార్చాం, రూ.180. అన్నీ బిగించి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి నింపి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపాం. కాసేపటికి ఫ్యాను దానంతటదే అందుకుంది. వైర్లు తారుమారైతే ఎదురు తిరుగుతుంది, అందుకని రేడియేటర్ ముందు నోటుబుక్కు కాగితం పట్టి చూశాం. జాలీకి అతుక్కుపోయింది. గాలి ఇంజిన్ వైపుకే లాగుతోందన్నమాట.

పాత మోటారు విప్పితే లోపల కార్బన్ బ్రష్షులు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) గోరంత మిగిలాయి, నల్లటి పొడి రాలింది. దాన్ని బడికి తీసుకెళ్లాను. పదో తరగతిలో మోటారు పాఠం చెప్పేటప్పుడు బ్రష్షు, కమ్యుటేటర్ అని ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను. ఈసారి పిల్లలు చేత్తో పట్టుకుని చూశారు.

ఇక అసలు విషయం. కార్ల విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేస్తున్నారని కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాల వివరాలు, ఎమ్మార్పీలు వెబ్‌సైట్‌లో పెట్టాలని, బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందనే షరతు పెట్టకూడదని కూడా ఆ ఆదేశంలో ఉంది. కంపెనీలు దాని మీద కోర్టులకు వెళ్లాయి. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, రిపేరు సమాచారం వినియోగదారులకు ఒకచోట దొరికేలా కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. వాహనాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. మంచి పనే. కానీ రివర్స్ మర సంగతి, ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పే బొమ్మ, మోటారు ఒక్కదాని పార్టు నంబరు, ఇవి మా ఊరి మెకానిక్ చేతికి ఇంకా రాలేదు.

రాకపోతే ఏమవుతుందో రోడ్డు మీద చూస్తున్నాం. ఏ సెన్సర్ పోయిందో చూసుకునే దారి లేక, మెకానిక్‌లు ఫ్యాను ‘డైరెక్ట్’ చేస్తున్నారు. తాళం తిప్పగానే తిరిగేలా వైరు లాగేస్తారు, కొందరు ఫ్యూజు కూడా పెట్టరు. ఇరవై ఆంపియర్లు లాగే మోటారుకు సన్నటి వైరు వేస్తే అది కరిగి అంటుకుంటుంది. ఇంకొందరు మన ఎండలకు అక్కర్లేదని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వనిది) పీకేస్తారు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. ఆ మెకానిక్‌ల మీద నాకు కోపం లేదు. సమాచారం ఇవ్వకుండా పని మాత్రం చేయమంటే చేతికొచ్చిన దారి వాళ్లు వెతుక్కుంటారు. వర్క్‌షాపుల్లో చెమటోడ్చే కుర్రాళ్ల లేబరు మీద కూడా నాకు అభ్యంతరం లేదు, పనికి తగ్గ కూలి ఇవ్వాల్సిందే. నేను కాదంటున్నది, ఒక్క మోటారు పోతే ఆరు వస్తువులు అంటగట్టడం.

కంపెనీలు ఫ్యాను మోటారును, కప్లర్‌ను విడిగా అమ్మాలి, వాటి నంబరు, ఎమ్మార్పీ అందరికీ కనిపించేలా పెట్టాలి. విప్పి బిగించే పద్ధతి తెలుగులో కూడా ఇవ్వాలి. ఏ పరీక్ష చేస్తే ఏది పాడైందని తేలిందో ప్రతి వర్క్‌షాపూ ఎస్టిమేట్ మీద రాసివ్వాలి, తీసేసిన భాగాన్ని యజమాని చేతిలో పెట్టాలి. తూనికలు కొలతల శాఖ వారు వేసవికి ముందే విడిభాగాల షాపుల్లో ధర, చిరునామా లేని డబ్బాలను తనిఖీ చేయాలి. మన ఐటీఐల్లో నెలకొక ఆదివారం కారు యజమానులకు ఇలాంటి చిన్న పనులు చూపిస్తే చాలామంది వస్తారు. మా వీధిలోనే అయిదుగురు అడిగారు.

కారణం రాయకుండా పెద్ద ఎస్టిమేట్ ఇచ్చారని నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. జవాబు ఏమొచ్చినా మీ పత్రికకు మళ్లీ రాస్తాను. ఇలాంటి ఎస్టిమేట్లు అందుకున్న పాఠకులు కూడా వాటిని పారేయకుండా దాచి, ఫిర్యాదు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయిని,
ఏలూరు